మోటారు కారు: గృహస్థులు తెలిసికొనవలసిన సంగతులు



హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరు రాతిగుట్టల నడుమ, సైబర్ టవర్స్ అను భవనమును 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. అది మొదలు ఆ భవనము చుట్టును హైటెక్ సిటీ అను క్రొత్త పట్టణమే వెలసినది. గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు ఊరి బయటి పల్లెలు. నేడు అద్దాల మేడలు. ఆ మేడలలో కూర్చుండి మన యువతీయువకులు సముద్రముల కావలనున్న బ్యాంకుల లెక్కలను, ఆసుపత్రుల పట్టికలను సరిదిద్దుచున్నారు. ఎంత చిక్కుపడిన ప్రోగ్రామునైనను విడదీయగలరు. కాని రాత్రి పని ముగించుకొని సెల్లారులోనికి దిగినప్పుడు కారు మొరాయించినచో, బానెట్ ఎత్తి, లోపలికి ఒకసారి తొంగిచూచి, మరల మూసివేయువారే వారిలో పెక్కుమంది. ఇందులో వారి తప్పు లేదు. కారు నడుపుట నేర్పువారు వీధికొకరు కలరు. కారును కనిపెట్టి ఉండుట నేర్పువారు అరుదు.

నేటి ప్రసంగము మెకానిక్కులను తయారుచేయుటకు ఉద్దేశింపబడినది కాదు. మన తాతలు పశువైద్యము చదువలేదు. అయినను ఎద్దు నెమరు వేయుట మానినచో, దాని ముట్టె తడియారినచో, దానికి ఒంట్లో బాగులేదని వెంటనే గుర్తుపట్టెడివారు. గుర్తుపట్టి వైద్యుని పిలిపించెడివారు. మందు ఇచ్చుట వైద్యుని పని, జబ్బును సకాలమున గుర్తించుట యజమాని పని. కారు విషయమున మనకు కావలసిన జ్ఞానమును అంతమాత్రమే. అందుకు కన్ను, చేయి, చెవి, ముక్కు, నాలుక అను అయిదు ఇంద్రియములు చాలును. నాలుకతో కారునకు ఏమి పని అని శ్రోతలు నవ్వవచ్చును. ఆ సంగతియు మనవి చేసెదము.

ఇంత శ్రద్ధ ఎందులకని అడుగవచ్చును. మన ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దానిపై గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు ముందునకు సాగును. టన్నునకు తక్కువ కాని ఆ బండిని నేలకు పట్టి ఉంచునవి నాలుగు టైర్లు. ఒక్కొక్క టైరు నేలను తాకుచోటు మన అరచేతికంటె పెద్దగా మించదు. అనగా ఒక తండ్రి, ఒక తల్లి, వెనుక సీటులో నిద్రించుచున్న బిడ్డలు, అందరి ప్రాణములును నాలుగు అరచేతులంత రబ్బరుపై ఆధారపడియున్నవి. ఆ రబ్బరులో గాలి ఎంత ఉన్నదో మనలో ఎందరికి తెలియును?

ముందుగా ఇంజన్ సంగతి రెండు మాటలలో చెప్పుకొందము. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి ఒక గొట్టములో మండును. ఆ మంటకు ముషలము క్రిందికి తోయబడును. ఆ త్రోపు చక్రములకు చేరును. ఇంతే. అయితే కాల్చిన పెట్రోలు శక్తిలో మూడవ వంతునకు అటునిటుగా మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడును. తక్కినదంతయు వేడిమియై పోవును. కనుక ఇంజన్‌కు ఇద్దరు ప్రాణమిత్రులు కలరు. ఒకరు కూలెంట్; ఆ వేడిని మోసికొనిపోవును. రెండవవారు ఇంజన్ ఆయిల్. లోపలి లోహములు ఒకదానినొకటి ఒరసికొనకుండ అడ్డుపడును. ఈ ఇద్దరిలో ఎవరు లేకపోయినను కొద్ది నిమిషములలోనే ఇంజన్ పాడగును.

ఇక కంటి పని. పదునైదు దినములకు ఒకసారి, ఆదివారము ఉదయమున, ఇంజన్ చల్లగా ఉన్నపుడు, బండిని సమతలముపై నిలిపి బానెట్ ఎత్తవలెను. పసుపుపచ్చని లేక నారింజరంగు పిడిగల సన్నని కడ్డీ ఒకటి కనబడును. దానిని డిప్‌స్టిక్ అందురు. బయటకు తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల లోనికి దింపి, మరల తీసి చూడవలెను. కడ్డీపై రెండు గుర్తులుండును. నూనె ఆ రెంటి నడుమ ఉన్నచో సరిపోయినది. క్రింది గుర్తునకు దిగినచో మాన్యువల్‌లో చెప్పిన రకమునే కొద్దికొద్దిగా పోయవలెను. ఎక్కువ పోసినను కీడే. నూనె నల్లబడినంత మాత్రమున భయపడనక్కర లేదు. అది మసిని తనలో కలుపుకొని తన పని చేయుచున్నదని అర్థము. కాని పాలు కలిపిన కాఫీవలె కనబడినచో నీరు కలిసినదన్నమాట. అప్పుడు బండిని నడుపక మెకానిక్కును పిలువవలెను.

ఆ ప్రక్కనే తెల్లని ప్లాస్టిక్ డబ్బాలో ఆకుపచ్చగానో, గులాబీరంగుగానో కనబడునది కూలెంట్. డబ్బాపై కనిష్ఠ గరిష్ఠ రేఖలుండును. దీనిలో కుళాయి నీరు పోయు అలవాటు మంచిది కాదు. కొండాపూరు, మియాపూరు ప్రాంతములలో బోరునీటితో స్నానము చేయువారు గీజరు కడ్డీకి తెల్లని సున్నము పట్టుట చూచియే యుందురు. ఆ సున్నమే రేడియేటర్ సన్నని గొట్టములలోను పట్టును. కనుక కూలెంట్‌నే పోయవలెను. ఒక్క మాట మాత్రము శ్రోతలు ఎన్నడును మరువరాదు: వేడెక్కిన ఇంజన్‌పై రేడియేటర్ మూత తీయరాదు. లోపలి ద్రవము ప్రెషర్ కుక్కరులోవలె ఒత్తిడిలో ఉండును. మూత తీయగానే మరుగుచున్న నీరు ముఖముపైకి ఎగజిమ్మును. చేతులు, కళ్ళు కాలిపోవును. ఇంజన్ చల్లబడుటకు అరగంటయో, అంతకు మించియో పట్టినను వేచి ఉండవలెను.

మూడవ డబ్బా చిన్నది, బ్రేక్ ద్రవము. దీని మట్టము తగ్గినచో బ్రేకు ప్యాడ్లు అరిగినవనియో, ఎక్కడనో కారుచున్నదనియో గ్రహింపవలెను. ఈ ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. తేమ చేరినచో వేడికి ఆవిరి పుట్టి, తొక్కిన బ్రేకు మెత్తగా లోనికి పోవును. కనుకనే సాధారణముగా రెండేండ్లకు ఒకసారి మార్చుమని తయారీదారులు చెప్పుదురు.

బండి నిలిపిన చోట నేలను కూడ చూడవలెను. ఏ.సి. వేసి వచ్చిన కారు క్రింద మంచినీటి చుక్కలు పడుట సహజము, దానికి కంగారుపడవద్దు. గోధుమరంగు మరక నూనెది, రంగునీరు కూలెంట్‌ది. ఒక పాత అట్టముక్కను రాత్రి బండి క్రింద పరచినచో ఉదయమునకు అదియే సాక్ష్యము చెప్పును.

ఇపుడు చేతి పని. అనగా టైర్లు. టైరు ఒత్తిడిని నెలకు రెండుసార్లు, స్టెప్నీతో సహా చూపించవలెను. పెట్రోలు బంకులో కుర్రవాడు "ఎంత పెట్టమంటారు సార్?" అని అడిగినపుడు "ఎంతో కొంత పెట్టు నాయనా" అనరాదు. డ్రైవరు తలుపు తెరచినచో స్తంభముపై ఒక చిన్న కాగితము అంటించియుండును. ముందు చక్రములకు ఎంత, వెనుక చక్రములకు ఎంత, నిండుగా మనుష్యులు ఎక్కినపుడు ఎంత అన్నది దానిపై వ్రాసియుండును. ఆ అంకెయే ప్రమాణము. టైరు ప్రక్క గోడపై అచ్చువేసిన అంకె అది భరింపగల గరిష్ఠపు ఒత్తిడి. మనము పెట్టవలసిన ఒత్తిడి కాదు. కొలత టైరు చల్లగా ఉన్నపుడే తీయవలెను. అనగా ఇంటి నుండి రెండు మూడు కిలోమీటర్లకు మించి నడువక మునుపు.

గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోను ఎక్కువగా వంగి లేచుచుండును. ఒక ఇనుప తీగను అటునిటు వంచుచుండగా అది వేడెక్కుట చిన్ననాడు అందరు చూచినదే. టైరును అట్లే వేడెక్కును. మే నెలలో నలుబది డిగ్రీల ఎండలో, కాలుచున్న రోడ్డుపై, వేగముగా పోవునపుడు ఆ వేడికి టైరు పగులును. ప్రయాణపు టైర్లు పగులుటకు ముఖ్యకారణములలో ఇది ఒకటి. దీనికి మందు కొన్ని నిమిషముల పని. గాలికి బదులు నైట్రోజన్ నింపుదుమని కొన్నిచోట్ల రుసుము అడుగుదురు. మనము పీల్చు మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ ఉన్నదను సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. ఏ గాలి అనునది అంత ముఖ్యము కాదు. ఎంత గాలి అనునదే ముఖ్యము.

టైరు గాడులలో అడ్డముగా చిన్న చిన్న రబ్బరు కట్టలుండును. గాడి అరిగి ఆ కట్టతో సమానమైనచో, లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినదని అర్థము. ఇక ఆ టైరు పనికిరాదు. వానలో గాడులే నీటిని ప్రక్కకు నెట్టునవి; గాడి లేని టైరు నీటిపై తేలి జారును. టైరు వయస్సును తెలిసికొనుటయు సులభమే. ప్రక్క గోడపై నాలుగు అంకెలుగల ఒక గుర్తుండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. అయిదారేండ్లు దాటిన టైరును, గాడులు లోతుగా ఉన్నను, ఏటేట నిపుణునకు చూపించుట మంచిది.

సందర్భము వచ్చినది గనుక ఒక చిన్న ముచ్చట. మనము అదనపు చక్రమును స్టెప్నీ అందుము. ఈ మాట మన దేశమున ఎట్లు పుట్టినదని చాలమందికి తెలియదు. 1904 ప్రాంతమున వేల్స్ దేశమునందలి లానెల్లి పట్టణములో, స్టెప్నీ వీధిలో అదనపు చక్రములను తయారుచేసి అమ్మిరి. ఆ వీధి పేరు చక్రమునకు వచ్చినది. ఆ వ్యాపారము ఎన్నడో ముగిసినను ఆ పేరు మాత్రము మన పంక్చర్ షాపులలో నిలిచియున్నది. అయితే స్టెప్నీ అను మాట నోట నుండి పోకున్నను, స్టెప్నీలో గాలి మాత్రము చెప్పకుండ పోవుచుండును. అవసరమునకు తీసిచూడగా అదియు మెత్తగా ఉండుట ఎందరికో అనుభవము.

ఇక చెవి. తాళము త్రిప్పినను, బటన్ నొక్కినను, ఇంజన్ అందుకొనక టిక్ టిక్ మని మాత్రము చప్పుడు వచ్చినచో బ్యాటరీ దిగిపోయినదని అనుకొనవచ్చును. మన ఎండలకు బ్యాటరీ మూడు నాలుగేండ్లు పనిచేసిన చాలును. ఉదయమున సెల్ఫ్ బరువుగా, నీరసముగా తిరుగుచున్నపుడే అది మనకు ముందుగా కబురు చెప్పుచున్నది. బ్యాటరీ కొనలపై తెల్లగానో పచ్చగానో పొడి పేరుకొన్నచో మెకానిక్కుతో శుభ్రము చేయించవలెను.

పొరుగువారి కారు నుండి తీగలతో శక్తి తెచ్చుకొనునపుడు క్రమము తప్పరాదు. రెండు బండ్లును ఆపియుంచవలెను. ఎర్ర తీగ మొదట దిగిపోయిన బ్యాటరీ ప్లస్ కొనకు, దాని రెండవ చివర మంచి బ్యాటరీ ప్లస్ కొనకు తగిలించవలెను. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్ కొనకు తగిలించి, దాని చివరి కొసను దిగిపోయిన బండి ఇంజన్‌పై రంగులేని లోహమునకు, బ్యాటరీకి దూరముగా, తగిలించవలెను. బ్యాటరీ నుండి మండు స్వభావముగల వాయువు వెలువడును. చివరి నిప్పురవ్వ దాని దగ్గర పడరాదు. ఇదియే ఆ నియమమునకు కారణము.

బ్రేకు తొక్కినపుడు ఇనుము ఇనుమును గీరిన చప్పుడు వచ్చినచో ప్యాడ్లు పూర్తిగా అరిగినవని అర్థము. ఆనాడే షెడ్డునకు తీసికొనిపోవలెను. ఈ వారము ఆఫీసులో పని ఎక్కువగా ఉన్నదని వచ్చే వారమునకు వాయిదా వేయుట ప్రాణములతో వాయిదా. ఇంజన్ వద్ద కీచుమను ధ్వని బెల్టుది. వేగముతోపాటు పెరుగు హోరు చక్రపు బేరింగుదో, టైరుదో కావచ్చును. ఈ చప్పుళ్ళు వినవలెనన్నచో వారమునకొక్కసారియైన పాటలు ఆపి, కిటికీ దించి, కొంతదూరము నడుపవలెను. రేడియోలో పనిచేయు మేమే ఈ మాట చెప్పుచున్నామనిన, ఆ అవసరము ఎంతటిదో శ్రోతలు ఊహించుకొనగలరు.

ముక్కు చెప్పు సంగతులును కలవు. బెల్లపు పాకమువంటి తియ్యని వాసన కూలెంట్ కారుచున్నదనుటకు గుర్తు. పచ్చి పెట్రోలు వాసన వచ్చినచో స్టార్టు చేయరాదు. కాలిన కాగితమువంటి ఘాటు వాసన క్లచ్‌ది. సాయంకాలమున కొత్తగూడ కూడలి వద్దనో, బయోడైవర్సిటీ కూడలి వద్దనో బండ్ల వరుస అంగుళమంగుళముగా కదలునపుడు క్లచ్‌పై సగము కాలు మోపి బండిని నిలుపుకొనువారు కలరు. ఇట్టి అలవాటుచే ఎన్నో ఏండ్లు రావలసిన క్లచ్ ప్లేటు కొద్దికాలముననే కాలిపోవును. నిలిచినపుడు న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వేయుటే మేలు.

ఇచట ఒక లెక్క చెప్పుదుము. సర్వీసు పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందు వచ్చిన దానికి చేయించుమని చాల మాన్యువల్‌లు చెప్పుచుండును. గంటకు 60 కిలోమీటర్ల సగటుతో రహదారిపై పోవు కారు పదివేల కిలోమీటర్లకు 167 గంటలు మాత్రమే నడచును. గంటకు 20 కిలోమీటర్ల సగటుతో హైటెక్ సిటీ రద్దీలో ఈడ్చుకొనివచ్చు కారు అదే దూరమునకు 500 గంటలు నడచును. మీటరులో అంకె ఒక్కటే. కాని నూనె పడిన శ్రమ మూడు రెట్లు. కనుక కఠినమైన వాడకమునకు మాన్యువల్‌లో వేరుగా చెప్పిన గడువునే మన నగరవాసులు పాటించుట శ్రేయస్కరము.

డ్యాష్‌బోర్డుపై వెలుగు దీపములను గూర్చి ఒక సూత్రము. ఎరుపు అనిన ఆపుము. పసుపు అనిన ఆలస్యము చేయకుము. నూనె డబ్బా బొమ్మతో ఎర్రదీపము వెలిగినచో వెంటనే క్షేమమైన చోట నిలిపి ఇంజన్ ఆపవలెను. ఇల్లు కిలోమీటరు దూరమే గదా అనుకొనరాదు. ఆ కిలోమీటరులోనే ఇంజన్ పట్టుకొనిపోవును. ఉష్ణమాపకము బొమ్మ ఎర్రగా వెలిగినను అట్లే. ఆపుటకు చోటు దొరకు వరకు ఏ.సి. ఆపి, హీటరును పూర్తిగా తిప్పినచో ఇంజన్ వేడి కొంత బయటకు పోవును. మనకు చెమట పట్టును; ఇంజన్ బ్రతుకును. వలయములో ఆశ్చర్యార్థకమున్న ఎర్రదీపము బ్రేకులది. హ్యాండ్ బ్రేక్ దించినను ఆరనిచో బండి కదపరాదు. ఇంజన్ బొమ్మగల పసుపుదీపము నిలకడగా వెలిగినచో రెండు మూడు దినములలో చూపించవచ్చును. మిణుకు మిణుకు మనినచో వేగము తగ్గించి, నిలిపివేసి, సహాయము కోరవలెను.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇంటనుండియే పని చేయసాగిరి. కార్లు సెల్లారులలో నెలల తరబడి కదలలేదు. తరువాత స్టార్టు చేయబోవగా ఎందరికో బ్యాటరీలు దిగిపోయినవి, టైర్లు ఒక ప్రక్క అదిమిపోయినవి, ఎలుకలు తీగలు కొరికినవి. నేటికిని వారమునకు రెండు మూడు దినములు మాత్రమే ఆఫీసునకు పోవువారు కలరు. వాడకున్న బండి చెడదనుకొనుట పొరపాటు. వారమునకొకసారి అరగంట సేపు రోడ్డుపై నడుపవలెను. నిలిపియుంచి ఇంజన్ తిప్పుట చాలదు. మూసిన సెల్లారులో అట్లు చేయుట అపాయకరము కూడ. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మనుష్యుని నిద్రలోనే హరించును. ఇక ఎలుకల సంగతి. బానెట్‌లో పొగాకు కాడలు పెట్టువారు కలరు. దానికంటె ముందు కారులో పిల్లలు రాల్చిన బిస్కట్ ముక్కలను ఊడ్చుట మేలు.

అదే సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన కుంభవృష్టిని నగరవాసులు మరువలేరు. వీధులు వాగులైనవి, కార్లు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోయినవి. చక్రము సగము మునుగు నీటిలోనికి బండి దింపరాదు. నీటిలో ఇంజన్ ఆగిపోయినచో మరల స్టార్టు చేయనే రాదు. గాలిని నొక్కవచ్చును, నీటిని నొక్కలేము. ఇంజన్‌లో నీరు చేరినపుడు తాళము త్రిప్పినచో ముషలమునకు దారి లేక లోపలి ఇనుపకడ్డీ వంగిపోవును. శుభ్రముచేసి సరిదిద్దదగిన బండి ఆ ఒక్క ప్రయత్నముతో లక్షల ఖర్చునకు వచ్చును. నీటిలో స్టార్టు చేయుటవలన కలుగు ఇట్టి నష్టమును సాధారణపు ఇన్సూరెన్సు పాలసీ తరచుగా భరించదు. ఇంజన్ రక్షణకు వేరుగా చేర్పు తీసికొనవలెను. మీ పాలసీ కాగితమును ఈ రాత్రియే ఒకసారి చదువుకొనుడు. ఇక నీరు తలుపుల వరకు వచ్చినచో కారును తలచుకొనక ముందు మనుష్యులు బయటపడవలెను.

వేగపు రహదారిపై టైరు పోయినచో ఏమి చేయవలెను? గట్టిగా బ్రేకు తొక్కరాదు. స్టీరింగును రెండు చేతులతో పట్టుకొని, మెల్లగా వేగము తగ్గించి, ఎడమ అంచునకు చేరవలెను. నాలుగు దీపములు మిణికించి, ఎర్రని త్రికోణమును వెనుక దూరమున నిలిపి, భార్యాబిడ్డలను బండిలో ఉంచక ఇనుప కంచెకు ఆవలికి పంపవలెను. లారీలు దూసికొనిపోవు అంచున కూర్చుండి టైరు మార్చు సాహసము వద్దు. 100కు గాని, దెబ్బలు తగిలినచో 108కు గాని ఫోను చేసి సహాయమునకై వేచియుండవలెను. క్షేమమైన, గట్టి నేలపై మార్చునపుడు మాత్రము హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదుటి చక్రమునకు రాయి అడ్డుపెట్టి, చక్రము నేలపై ఉండగనే పానాతో నట్లను కొద్దిగా వదులుచేయవలెను. తరువాత జాకీ ఎత్తవలెను. జాకీపై నిలిచిన బండి క్రిందికి చేయియైనను చొప్పింపరాదు. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించవలెను. ఇంటి ఆవరణలో ఒక ఆదివారము ఈ పనిని ఇల్లాలును, కారు నడుపు వయస్సు వచ్చిన బిడ్డలును కూడ ఒకసారి చేసి చూచినచో, అవసరము వచ్చినపుడు భయముండదు.

విద్యుత్ కార్లు కొన్నవారు మాకు ఈ బాధలు లేవందురు. ఇంజన్ ఆయిల్ లేదు, నిజమే. కాని టైర్లు, బ్రేకు ద్రవము, వైపర్లు వారికిని కలవు. 12 వోల్టుల చిన్న బ్యాటరీయు, కూలెంట్‌ను సాధారణముగా ఉండును. ఆ చిన్న బ్యాటరీ దిగిపోయినచో పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నను బండి మేలుకొనదు. బానెట్ క్రింద నారింజరంగు తొడుగుగల తీగలను మాత్రము ఎవరును తాకరాదు. వానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు ప్రవహించును.

ఇక నాలుక సంగతి. డాక్టరుగారి వద్దకు పోయి "ఒంట్లో బాగులేదు, ఏదైనను మందు ఇవ్వండి" అన్నవానికి ఎట్టి వైద్యము దొరకును? షెడ్డునకు పోయి "ఏదో చప్పుడు వస్తోంది భాయ్, చూడు" అన్నవానికిని అట్టి సేవయే దొరకును. ఎప్పుడు వచ్చినది, ఎంత వేగమున, చల్లగా ఉన్నపుడా, వేడెక్కిన పిమ్మటనా, మలుపులోనా, బ్రేకు తొక్కినపుడా, ఈ సంగతులు ఒక చీటిపై వ్రాసికొనిపోవలెను. "ఈ భాగము మార్చవలె" అని మెకానిక్ చెప్పినచో "ఎందులకు? తీసినది నాకు చూపించగలవా? ఖర్చు ముందుగా వ్రాసి ఇవ్వగలవా?" అని మర్యాదగా అడుగవలెను. నిజాయితీగల పనివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. తన పని తెలిసినవాడు ఎదుట నిలిచినాడని సంతోషించును. చమురు మరకల చేతులతో, బండి క్రింద వెల్లకిల పడుకొని మన ప్రాణములను కాపాడు ఆ మనిషికి గౌరవము ఇచ్చుటయు మన ధర్మమే. అనుమానముతో బేరమాడుటకును, తెలివితో ప్రశ్నించుటకును భేదము కలదు.

చెప్పిన సంగతులు ఎక్కువైనవని శ్రోతలకు తోచవచ్చును. జ్ఞాపకముంచుకొనవలసినవి కొద్దియే. ప్రతిదినము ఎక్కుటకు ముందు బండి చుట్టును ఒక ప్రదక్షిణము. టైర్లను, నేలను ఒక చూపు. పదునైదు దినములకొకసారి నూనె, కూలెంట్, బ్రేకు ద్రవము, అయిదు టైర్ల గాలి. వానకాలమునకు ముందు వైపర్లు, దీపములు. ఎండకాలమునకు ముందు టైర్లు, కూలెంట్. దూరప్రయాణమునకు ముందు దినము కాక, వారము ముందుగా ఒక పరీక్ష. లోపము కనబడినచో సరిచేయించుటకు వ్యవధి ఉండవలెను గదా.

ఒకానొక అర్ధరాత్రి ఇంటిలో పెద్దవారికి గుండె నొప్పి రావచ్చును. కోడలికి నొప్పులు మొదలు కావచ్చును. ఆ వేళకు కారు పిలిచిన వెంటనే పలుకవలెనన్నచో, మామూలు దినములలో మనము దానిని ఒకసారి పలుకరించి ఉండవలెను. ఈ ప్రసంగము ముగియగానే శ్రోతలు సెల్లారునకు దిగి, డ్రైవరు తలుపు తెరచి, ఆ చిన్న కాగితముపై అంకె ఎంతయో చూచి వచ్చినచో మా శ్రమ ఫలించినట్లే.

సెలవు.